ఆఖరి క్లిప్పు

తాడేపల్లిగూడెంలో కార్లకు సీటు కవర్లు వేసేవాళ్ళకు కొదవ లేదు. రోడ్డుకు ఇద్దరు దొరుకుతారు. కానీ కారు తలుపు లోపలివైపు ఊడదీసి, ఊడదీసినట్టు మళ్ళీ ఎవరికీ తెలియకుండా బిగించాలంటే మాత్రం అందరూ కనకరత్నం పేరే చెబుతారు. అతనికిప్పుడు యాభై తొమ్మిది. అందులో నలభై రెండేళ్ళు ఈ పనిలోనే గడిచాయి. మనిషి సన్నగా ఉంటాడు. మాట మెత్తన, కోపం మాత్రం ముక్కుమీదే. ఎవరైనా "సీట్లు కుట్టే కనకరత్నం" అంటే అతనికి ఒళ్ళు మండుతుంది. సీట్లు ఎవడైనా కుడతాడు, తలుపు బిగించడం వేరు అంటాడు. అందులో గొప్పలకు పోవడం కొంత ఉన్నా, చాలావరకు నిజమే.

కారు తలుపుకు లోపలివైపు కనిపించే మెత్తటి పలకను ఈ పనివాళ్ళు ప్యాడ్ అంటారు. గట్టి అట్ట, దానిమీద పలచటి ఫోము, ఆపైన రెగ్జిను, కిందిభాగంలో కాగితాలూ కళ్ళద్దాలూ పడేసుకోవడానికి ఒక జేబు. ప్యాడ్ వెనకవైపు చుట్టూ ఇనప క్లిప్పులుంటాయి. తలుపు రేకులో వాటికి సరిపడే చిల్లులుంటాయి. ప్యాడ్‌ను తలుపుకు ఆనించాక క్లిప్పూ కనపడదు, చిల్లూ కనపడదు. అంచు కిందికి వేలు దూర్చి, క్లిప్పు మొన చిల్లుకు ఎదురుగా వచ్చిందో లేదో ఆ వేలితోనే తెలుసుకోవాలి. వచ్చిందని తెలిశాకే అరచేత్తో ఒక్క దెబ్బ వేయాలి. తొందరపడి కొడితే క్లిప్పు వంగుతుంది, అట్ట చిరుగుతుంది, వారం రోజుల పని బూడిదలో పోసినట్టే.

కనకరత్నం వేళ్ళు కొల్లేరులో తయారయ్యాయి. అతను పుట్టింది అక్కడొక లంక గ్రామంలో. చిన్నప్పుడు నీళ్ళు తీసే రోజుల్లో నడుం లోతు బురదలో దిగి, చేతులతో తడిమి కొరమేనులు పట్టేవాడు. ఆ నీళ్ళలో కళ్ళతో పనిలేదు. తగిలింది తామర దుంపో చేపో పామో తగిలిన క్షణానే తేలిపోవాలి. తేలకపోతే ఏమవుతుందో అతని ఎడమ అరచేతిలో జెల్ల చేప ముల్లు దిగిన మచ్చ చెబుతుంది. పదిహేడో ఏట తాడేపల్లిగూడెం వచ్చి ఒక ముసలాయన దగ్గర పనికి కుదిరినప్పుడు, ఆయన ఈ కుర్రాడి చేతులు చూసి నువ్వు సూది వదిలెయ్యి, తలుపులు పట్టుకో అన్నాడట.

ఆ ముసలాయన దగ్గర నేర్చుకున్న అలవాట్లు రెండు కనకరత్నం ఏనాడూ మానలేదు. ఒకటి, స్క్రూలన్నీ ఒకే బిస్కెట్ల డబ్బాలో పోసి ఉంచడం. పొట్టివి, పొడుగువి, లావువి, సన్నవి అన్నీ కలగలుపే. తలుపు మీదినుంచి కళ్ళు తిప్పకుండా చెయ్యి డబ్బాలో పెడితే కావలసిన స్క్రూయే వేళ్ళ మధ్యకు రావాలి. వేరే వేరే డబ్బాల్లో పోసుకుంటే పోలేదా అని భార్య మంగతాయారు ఎన్నోసార్లు అంది. కళ్ళతో వెతుక్కునేవాడికి అరలు కావాలి, నాకెందుకే అనేవాడు. రెండో అలవాటు ఆఖరి క్లిప్పు. చుట్టూ అన్నీ బిగించి, పైమూలన ఒక్క క్లిప్పు మాత్రం ఆనించి వదిలేస్తాడు. బండి తీసుకోవడానికి వచ్చినవాళ్ళ చేతే దానిమీద దెబ్బ వేయిస్తాడు. పని మనది, బండి వాళ్ళది, ఆ దెబ్బతో అప్పగింత అయిపోతుంది, ఆ తరవాత మనం తలుపు మీద చెయ్యి కూడా వేయకూడదు అని గురువు చెప్పిన మాట. డాక్టర్లూ, షావుకార్లూ, పెళ్ళికొడుకులూ ఎంతమందో అతని కొట్లో ఆ ఒక్క దెబ్బ వేసి, టక్కుమని క్లిప్పు పడగానే చిన్నపిల్లల్లా నవ్వుకుని వెళ్ళారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆరు నెలలుగా ఆ వేళ్ళు చచ్చిపోతున్నాయి.

షుగర్ వచ్చి ఎనిమిదేళ్ళయింది. దాన్ని అతనెప్పుడూ పెద్ద జబ్బుగా లెక్కచేయలేదు. మొదట కుడిచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ ఎవరో రెగ్జిను తొడిగినట్టు అనిపించింది. తరవాత బొటనవేలు. ఒకరోజు లేత పసుపు రెగ్జిను మీద ఎర్రటి చుక్కలు పడుతుంటే, ఇదెక్కడి రంగు అని అటూ ఇటూ చూశాడు. సూది తన వేల్లోనే ఉంది. గోరు పక్కనుంచి లోపలికి దిగి అవతలికి వచ్చింది. అతనికి తెలియనే లేదు. మంగతాయారు గుడ్డ తెచ్చి కట్టింది, ఏమీ అడగలేదు. రెగ్జిను కొనుక్కొస్తానని చెప్పి కనకరత్నం ఒక్కడే ఏలూరు వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నాడు. నరాలు దెబ్బతిన్నాయి, పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం, ఉన్నది పోకుండా చూసుకోండి అన్నాడాయన. కనకరత్నం ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, నిజంగానే రెండు మీటర్ల రెగ్జిను కొనుక్కుని ఇంటికొచ్చాడు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. వేళ్ళు లేని కనకరత్నం సీట్లు కుట్టేవాడు కూడా కాడు. నలభై రెండేళ్ళు ఊరంతా అన్న మాటను ఆర్నెల్లలో మరిచిపోతారు. అది తలుచుకుంటే అతనికి ఆకలి చచ్చిపోయేది. కుట్టు పని కొంచెం కొంచెంగా మంగతాయారు మీదికి తోసేశాడు. బిగింపు మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. పాత కొలతల మీద, చెవికి వినిపించే చప్పుడు మీద, అదృష్టం మీద బండి లాగుతూ వచ్చాడు.

అలాంటి సమయంలో వచ్చింది రాజకుమార్ గారి కారు.

రాజకుమార్ ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి. కారు వాళ్ళ నాన్న కామరాజు గారిది. రెండే సీట్లు, రెండే తలుపులు, గుడ్డ టాపు, నేలకు ఆనుకుని పోయే విదేశీ కారు. యాభై ఏళ్ళ కిందట ఆయన మోజుపడి కొనుక్కున్నారు. ఆయన అందులో వెళ్తుంటే మార్కెట్లో కాటాలు ఆగిపోయేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. పద్దెనిమిదేళ్ళ కిందట పెంటపాడు దారిలో బ్రేకులు పడక అది కాలవలోకి దిగిపోయింది. ఆయనకు దెబ్బలు తగల్లేదు కానీ, కారును పైకి లాగి దెందులూరు వైపు వాళ్ళ చేపల చెరువుల దగ్గర రేకుల షెడ్డులో పడేశారు. ఆ తరవాత కొద్దికాలానికే నీటికాసులతో ఆయన చూపు మొత్తం పోయింది. ఇప్పుడు ఎనభై ఒకటి. ఈ ఏడు ఉగాది నాడు కొడుకును పిలిచి, ఒక్కసారి ఆ కారులో కూర్చోవాలని ఉందిరా అన్నారట. ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం రాజకుమార్ ఎరగడు. మర్నాడే కారును గూడెం తెప్పించాడు.

ఇంజనూ బ్రేకులూ తలుపుల్లో అద్దం దించే మెషినూ నాని చేతిలో పడ్డాయి. నాని కనకరత్నం కొట్టుకు ఆనుకుని షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు. నలభై ఏళ్ళవాడు, ఒళ్ళు దాచుకోడు. చుట్టరికం లేకపోయినా పదేళ్ళుగా కనకరత్నాన్ని బాబాయ్ అంటాడు, మంగతాయారును పిన్నీ అంటాడు. మధ్యాహ్నం ఆవిడ పెట్టిన పప్పన్నమే తింటాడు. ఈ కారు కుదిరితే తమ ఉల్లిపాయల వ్యాన్లన్నీ నీ షెడ్డుకే పంపుతానని రాజకుమార్ అతనికి మాటిచ్చాడు. నాని ఆ మాట రోజుకొకసారైనా తలుచుకునేవాడు.

కనకరత్నం పాత ప్యాడ్లు ఊడదీస్తే నీళ్ళలో నానిన అప్పడాల్లా చేతికి ముక్కలు ముక్కలుగా వచ్చాయి. తలుపు అడుగున గుప్పెడు ఒండ్రు గడ్డకట్టి ఉంది. జేబులో పళ్ళు విరిగిన దువ్వెన ఒకటి దొరికింది. కొత్త అట్ట కోశాడు. పాత ముక్కలు పేర్చుకుని చిల్లులు గుర్తుపెట్టాడు. జేబులు మంగతాయారు కుట్టింది. నోటి దగ్గర ఎలాస్టిక్ పెట్టి, కుచ్చు సమంగా వచ్చేలా మూడుసార్లు విప్పి కుట్టింది. నాని తన వంతుగా అద్దాలు రెండూ రెండేసి సార్లు పైకీ కిందికీ తిప్పి చూపించాడు. వెన్నలా దిగుతోంది బాబాయ్, ఇక మీరు మూసేసుకోవచ్చు అన్నాడు. కనకరత్నం పక్కనే నిలబడి చూశాడు, బాగుందిరా అని కూడా అన్నాడు. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి.

డ్రైవరు వైపు తలుపు ఎలాగో బిగిసింది. రెండోవైపు తలుపుకు వచ్చేసరికి జేబు కిందనున్న క్లిప్పు మొండికేసింది. కనకరత్నం వేలు దూర్చి వెతికాడు. ఏమీ తెలియలేదు. మొన చిల్లులో ఉందో రేకు మీద ఉందో వేలు చెప్పడం లేదు. గుడ్డిగా కొట్టాడు, పడలేదు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి క్లిప్పు వంగిపోయింది. ఈ కాలపు క్లిప్పులు ఇంతే, ఇనుము కాదు తగరం అని గట్టిగా తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. పది అడుగుల దూరంలో మంగతాయారు మిషను దగ్గర కూర్చుని ఉంది. ఒసే ఒకసారి వేలు పెట్టి చూడవే అంటే అయిపోయేది. ఆ మాట అతని నోట రాలేదు. దానికి బదులు జేబు మడత కింద ఎవరికీ కనపడని చోట ఒక స్క్రూ వేసేద్దామనుకున్నాడు. అలవాటు ప్రకారం తలుపు మీదినుంచి కళ్ళు తిప్పకుండా చెయ్యి డబ్బాలో పెట్టాడు. వేళ్ళ మధ్యకు వచ్చింది పొట్టిదే అనుకున్నాడు. బిగించాడు. గట్టిగానే పట్టింది.

మామూలుగా అయితే స్క్రూ వేసిన చోట అద్దం ఒకసారి దించి చూస్తాడు. ఆవేళ అంతలోనే రాజకుమార్ ఫోను చేశాడు, నాన్నగారిని తీసుకుని బయల్దేరామని. కనకరత్నం చేతులు కడుక్కుని చొక్కా వేసుకున్నాడు.

కామరాజు గారు తాము వచ్చిన బండిలోంచి కొడుకు భుజం పట్టుకుని దిగారు. తెల్లటి పంచె, నల్ల కళ్ళద్దాలు. కారు చుట్టూ చేత్తో తడుముకుంటూ నడిచారు. లైటు దగ్గర ఆగారు, అద్దం అంచు దగ్గర ఆగారు. ఎడమ తలుపు తీయించుకుని సీట్లో కూర్చున్నాక ఆయన చెయ్యి ప్యాడ్ మీద మెల్లగా పాకింది. జేబులో చెయ్యి పెట్టి తీశారు. దువ్వెన ఇక్కడే పెట్టేవాణ్ణి అన్నారు. వేళ్ళు ఇంకా కిందికి వెళ్ళి ఒకచోట ఆగాయి.

"ఇక్కడ కాస్త ఎత్తుగా ఉందేమిటయ్యా?" అన్నారు.

కొత్త ఫోము కదండీ, నాలుగు రోజుల్లో అణిగిపోతుందండీ అన్నాడు కనకరత్నం. ఆయన సరేనన్నట్టు తలాడించారు. ఆఖరి క్లిప్పు ఆయన చేత కొట్టించాలి కాబట్టి కనకరత్నం ముందుకు వంగాడు. ఆయన మాత్రం, ఉండవయ్యా, ముందు మోచెయ్యి ఆనించుకోనీ అని నవ్వి, హ్యాండిల్ వెతుక్కుని తనే అద్దం దించడం మొదలుపెట్టారు. సగం దిగింది. ఇంకొంచెం దిగింది. ఫట్‌మని చప్పుడైంది. అద్దం మొత్తం పంచదార పలుకుల్లా పొడై తలుపులోకీ ఆయన ఒళ్ళోకీ రాలింది. మణికట్టు మీద చిన్న గాటుపడి తెల్లపంచె మీద నెత్తురు చుక్కలు పడ్డాయి.

రాజకుమార్ మెత్తటి మనిషే. కానీ తండ్రి నెత్తురు చూశాక ఒళ్ళు తెలియలేదు. అద్దం మెషిను బిగించింది నువ్వే కదా అని నాని మీదికి వెళ్ళాడు. ముసలాయన కళ్ళలో పడితే ఏమయ్యేదని, ఇదేనా నీ పనని, నలుగురూ చూస్తుండగా నానా మాటలూ అన్నాడు. నాని మొహం పాలిపోయింది. రెండుసార్లు దించి చూశానండీ అన్నాడు. ఎవరూ వినిపించుకోకపోయేసరికి కనకరత్నం వైపు తిరిగాడు.

"మీ ముందే కదా బాబాయ్ దించి చూపించాను. మీరైనా చెప్పండి."

చెప్పాల్సింది ఒక్క మాట. కనకరత్నానికి జేబు మడత కింద స్క్రూ గుర్తొచ్చింది. ఏం జరిగి ఉంటుందో అప్పుడే అర్థమైంది.

"నేను నా పనిలో ఉన్నానురా. సరిగ్గా చూళ్ళేదు," అన్నాడు.

నాని అతని మొహంలోకి చూసి తల దించుకున్నాడు. రాజకుమార్ వెళ్తూ వెళ్తూ నానితో, ఇక ఈ కారు ముట్టుకోవద్దు, ఏలూరు నుంచి వేరే మెకానిక్కును పిలిపిస్తానని చెప్పాడు. ప్యాడ్ విప్పి గాజుపెంకులు తీసి ఉంచమని కనకరత్నాన్ని మర్యాదగానే అడిగాడు. నాని తన సామాను సర్దుకుని షెడ్డు తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆవేళ అన్నానికి రాలేదు. కనకరత్నం తేలుకుట్టిన దొంగలా కొట్లో ఒక మూల కూర్చున్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక ప్యాడ్ విప్పాడు. స్క్రూ బయటికి వచ్చింది. చూస్తే తెలిసిపోతోంది, వేలి కణుపంత పొడుగు. పక్కన పొట్టిది పెట్టుకుని రెండిటినీ మార్చి మార్చి వేళ్ళ మధ్య నలిపాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ నలిపాడు. ఏది ఏదో తెలియలేదు. రెండూ ఒకటే, రెండూ ఏమీ కావు. అప్పుడతనికి ఏడుపొచ్చింది. నాని కోసం కాదు, ఇంకా అక్కడిదాకా రాలేదు. తన కోసమే వచ్చింది. డబ్బా పక్కనే ఉంది. అయిదొందల స్క్రూల్లో ఇదొకటి పడేస్తే లోకంలో ఎవరికీ తెలియదు. నాని పనే చెడిందని ఊరంతా అనుకుంటుంది. కనకరత్నం కనకరత్నంలాగే ఉంటాడు. చెయ్యి డబ్బా మీదికి వెళ్ళింది కూడా.

మంగతాయారు వెనకనుంచి వచ్చి చెయ్యి చాపింది. అతను ఇవ్వక తప్పలేదు. ఆవిడ దాన్ని చూడను కూడా చూడలేదు. వీధి వైపు చూస్తూ రెండు వేళ్ళ మధ్య ఒకసారి దొర్లించింది.

"ఇది పొడుగుదండీ," అంది.

"నాకు కనబడుతోందే."

"కళ్ళ సంగతి కాదండీ నేనడిగేది."

ఆవిడకు ఏలూరు డాక్టరు చీటీ ఎప్పుడో దొరికింది, చొక్కా ఉతుకుతుంటే. సూది దిగినరోజే సగం తెలుసు. ఆయన తనంతట చెబుతాడని ఆర్నెల్లుగా కాచుకుని ఉంది. ఆ మాటలన్నీ ఇప్పుడు తాపీగా, కోపం లేకుండా చెప్పింది. కోపం లేకపోవడమే అతనికి ఎక్కువ బాధనిపించింది. చెబితే నా దగ్గరికి ఇక తలుపులెవరు తెస్తారే అని మెల్లగా అన్నాడు. ఆవిడ స్క్రూ అతని అరచేతిలో పెట్టి, పిడికిలి మూసింది.

"నిన్న కూడా ఆ అబ్బాయి మనింట్లో అన్నం తిన్నాడండీ," అంది.

మర్నాడు పొద్దున్నే కనకరత్నం ఆ స్క్రూ చొక్కా జేబులో వేసుకుని కామరాజు గారింటికి వెళ్ళాడు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరుగుదామనుకున్నాడు. హాల్లో తండ్రీ కొడుకులిద్దరూ ఉన్నారు. ఆయన మణికట్టుకు కట్టు ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. జేబులోంచి స్క్రూ తీసి బల్లమీద పెట్టి, తప్పు నాదండీ అన్నాడు. పొట్టిదనుకుని పొడుగుది బిగించానండీ, అది రేకు దాటి లోపల అద్దానికి తగిలిందండీ, నాని రెండుసార్లూ అద్దం దించడం నా కళ్ళారా చూశానండీ, నిన్న అబద్ధం చెప్పానండీ. ఆగితే మళ్ళీ మాట పెగలదని ఒక్క బిగిన చెప్పేశాడు. వేళ్ళ సంగతీ చెప్పాడు. ఆ మాట బయటికి అనడం అతనికి అదే మొదలు.

రాజకుమార్ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. కామరాజు గారు చేత్తో ఆపి, ఇలా రావయ్యా అని కనకరత్నాన్ని పిలిచారు. అతని కుడిచెయ్యి అందుకున్నారు. చూపుడువేలి కొసను తన గోటితో నొక్కారు.

"తెలుస్తోందా?"

"లేదండీ."

ఇంకొంచెం గట్టిగా నొక్కారు. "ఇప్పుడు?"

"లేదండీ."

ఆయన చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని కొడుకు ఉన్న వైపు మొహం తిప్పి మాట్లాడారు. కారు కాలవలోకి పోయిన రోజు బ్రేకులు బాగానే పడ్డాయిరా అన్నారు. చూపు మందగించి అప్పటికే ఏడాది అయింది, పక్కలు నల్లబడిపోయి ఎదర ఒక్క గుండ్రం మాత్రం కనబడేది, షావుకారు కామరాజుకు కళ్ళు పోతున్నాయంటే మార్కెట్లో విలువ ఏముంటుందని ఎవరికీ చెప్పలేదు, అలాగే కారు నడిపాను, మలుపు కనబడలేదు, కాలవలోకి పోనిచ్చాను అన్నారు. బ్రేకులు పడలేదని చెప్పింది ఆయనే. అంతకు వారం ముందు బ్రేకులు చూసిన అత్తిలి మెకానిక్కు పోతురాజు మీద, అప్పుడు పాతికేళ్ళ కుర్రాడైన రాజకుమారే పదిమందిలో చెయ్యి చేసుకున్నాడు. పోతురాజు కొట్టు ఎత్తేశాడు. రెండేళ్ళకు చనిపోయాడని ఆయన తరవాత విన్నారు.

రాజకుమార్ కుర్చీలో కూలబడిపోయాడు. నాన్నగారూ అని మాత్రం అన్నాడు.

"నువ్వు ఒక్కరోజులో వచ్చేశావు కనకరత్నం," అన్నారు కామరాజు గారు. "నేను పద్దెనిమిదేళ్ళనుంచి ఇక్కడే కూర్చున్నాను."

ఆ కారులో ఒకసారి కూర్చోవాలని ఆయన ఎందుకు అడిగారో రాజకుమార్‌కు అప్పుడు అర్థమై ఉంటుంది. కనకరత్నానికి మాత్రం అర్థమైంది, దాచిన తప్పు దగ్గరికి ఒకసారి తిరిగి వెళ్ళడానికని. అక్కడ ఇంకొక్క నిమిషం నిలబడలేక దండం పెట్టి వచ్చేశాడు.

అక్కణ్ణుంచి నేరుగా నాని ఇంటికి వెళ్ళాడు. నాని గుమ్మంలోనే నిలబడి మొత్తం విన్నాడు. సరేనండీ అన్నాడు. లోపలికి రమ్మనలేదు. అదే సాయంత్రం రాజకుమార్ కూడా అతని ఇంటికి వెళ్ళి, పొరపాటుగా అనేశాను, కారు నువ్వే పూర్తి చెయ్యాలని అడిగాడు. నాలుగు రోజుల తరవాత షెడ్డు తలుపు తెరుచుకుంది. మధ్యాహ్నం నాని క్యారేజీ తెచ్చుకుని తన షెడ్డులోనే తిన్నాడు. మంగతాయారు గిన్నెలో పప్పు పట్టుకెళ్తే, ఉంది పిన్నీ అని మర్యాదగా వెనక్కి పంపాడు.

పాత అద్దం కొలత తీసి కొత్తది చేయించి తెప్పించేసరికి నెల పట్టింది. ఈలోగా సంగతి ఊళ్ళో పాకింది. కనకరత్నం దగ్గరికి రావలసిన రెండు కార్లు వేరే కొట్టుకు వెళ్ళాయి. అతను భయపడ్డదే జరిగింది, భయపడ్డంత జరిగింది. ఒక మధ్యాహ్నం మంగతాయారు బిస్కెట్ల డబ్బా నేలమీద బోర్లించి స్క్రూలన్నీ ఏరి, పొట్టివి ఒకదాంట్లో, పొడుగువి ఒకదాంట్లో పోసింది. అతను చూస్తూ కూర్చున్నాడు. వద్దనలేదు.

నాని కొత్త అద్దం ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించాడు. ఈసారి రాజకుమార్‌ను పక్కన నిలబెట్టుకుని మరీ చూపించాడు. తరవాత ప్యాడ్ పట్టుకోవడం కనకరత్నం వంతు, వేలు పెట్టడం మంగతాయారు వంతు అయింది. ఆవిడ అంచు కింద వేలు దూర్చి, ఇంకాస్త కుడికండీ, చాలండీ, దొరికిందండీ అంటుంటే అతను అరచేత్తో కొట్టుకుంటూ వచ్చాడు. జేబు కింద క్లిప్పు మొదటి దెబ్బకే పడింది. చుట్టూ అయిపోయాక పైమూలన ఒక్కటి మిగిలింది.

కామరాజు గారు సీట్లో కూర్చుని ఉన్నారు. కనకరత్నం ఆయన చెయ్యి పట్టుకుని ఆ మూల మీద పెట్టబోయాడు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఇది నాది కాదయ్యా. ఆ నానిని పిలువు," అన్నారు.

నాని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఎక్కడ కొట్టాలో అడిగాడు. కనకరత్నం చూపించాడు. తన అరచెయ్యి ప్యాడ్ మీద ఆనించి ఉంచాడు, క్లిప్పు పడితే ఎక్కడో ఒకచోట తెలుస్తుందేమోనని. నాని వేశాడు ఒక దెబ్బ. వీధిలో అప్పుడే ఉల్లిపాయల లారీ ఒకటి హారన్ మోగిస్తూ పోతోంది. కనకరత్నం చెవికి ఏమీ వినపడలేదు, చేతికి ఏమీ తెలియలేదు.

"పడిందిరా?" అని అడిగాడు.

"పడిందండీ," అన్నాడు నాని. బాబాయ్ అనలేదు.